పెద్దమనిషి అయినవారికి పాఠం

మా బావతో నేను ముప్పై ఏళ్ళకు పైగా నేరుగా మాట్లాడలేదు. గొడవేమీ లేదు. బావ అంటే మా ఆయనకు అన్న. మా ఇళ్ళలో కోడలు బావ ఎదుట నిలబడి మాట్లాడకూడదు, మధ్యలో ఎవరినో ఒకరిని పెట్టుకోవాలి. నేను మనవరాలితో "మీ తాతకు చెప్పు, కాఫీ చల్లారిపోతా ఉంది" అంటే, పక్కనే కూర్చుని విన్న ఆయన "మీ అవ్వకి చెప్పు, చక్కెర తక్కువ వెయ్యమని" అని ఆ పిల్లకే చెప్పేవాడు. పిల్ల ఇంట్లో లేకపోతే నేను దూడకు చెప్పేదాన్ని. ఆయనా దూడకే జవాబు చెప్పేవాడు. పనులన్నీ సక్రమంగానే జరిగిపోయేవి.

వేప్పనపల్లి దాటి కుప్పం వైపు పోతే, తమిళనాడు అంచులోనే మా ఊరు. ఊళ్ళోని గవర్నమెంటు స్కూల్లో మధ్యాహ్నం పిల్లలకు సత్తుణవు, అంటే గవర్నమెంటు పెట్టే భోజనం, వండేది నేనే. అన్నం, సాంబారు, తలకొక ఉడికించిన గుడ్డు. నేను చదివింది అయిదో తరగతి, అదీ సగం. అయితే వంటగది కిటికీ ఎనిమిదో తరగతి గదిలోకి ఉంటుంది కాబట్టి తక్కిన చదువంతా ఆ కిటికీలోంచి విన్నాను. ఆకు ఎండను ఎలా తింటుందో, గుండెకు ఎన్ని గదులో ఇప్పుడు అడిగినా అప్పజెబుతాను. ఒక్క పాఠం మాత్రం ఏ ఏడూ వినలేదు. ఆడపిల్ల ఒళ్ళు, మగపిల్లవాడి ఒళ్ళు ఎలా మారతాయో, బిడ్డ ఎలా పుడుతుందో చెప్పే పాఠం అది. అక్కడికి వచ్చేసరికి ఇదివరకటి సారు పుస్తకం మూసి, ఇంటి దగ్గర చదువుకోండి అనేవాడు.

ఇంటి దగ్గర ఎవరు చెబుతారు? నాకెవరూ చెప్పలేదు. ఆ అయిదో తరగతిలోనే ఒకరోజు వరిమడి గట్టు మీద నడిచి వస్తూ కాళ్ళ వెంట రక్తం చూసుకుని, జలగ పట్టిందనుకున్నాను. గొడ్లపాకలో దాక్కుని ఎంత వెతికినా జలగ దొరకలేదు. అది కడుపులోకి పోయి ఉంటుంది, ఇంక చచ్చిపోతానని తీర్మానించుకుని, నా గాజుల్లో ఎర్రవి చెల్లెలికి, పచ్చవి పక్కింటి పిల్లకు అని మనసులోనే పంచేశాను. పొద్దు గూకే వేళకు అమ్మ నన్ను పట్టుకుని, తల మీద నీళ్ళు పోసి, పచ్చాకుల గుడిసెలో కూర్చోబెట్టింది. చదువు ఆ రోజుతో సరి. పలక స్కూల్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు నా కూతురి కూతురు ఎనిమిదో తరగతి. కూతురూ అల్లుడూ హోసూరులో కంపెనీల్లో షిఫ్టులకు పోతారు, పిల్ల నా దగ్గర పెరుగుతోంది. ఈ ఏడు పిల్ల ఉన్నట్టుండి పొడుగు సాగింది. అది నాలాగా జలగను వెతుక్కోకూడదు, దాని చదువు నా పలకలాగా కాకూడదు. నాకు వేరే ఆశ లేదు. చెబుదామని మూడుసార్లు కూర్చోబెట్టాను. మొదటిసారి గుమ్మడిపిందె దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను. రెండోసారి మామిడిపూత దాకా వచ్చాను. మూడోసారి నేను నోరు తెరవకముందే అది "అవ్వా, నీకేమన్నా కావాల్నా?" అని అడిగింది. లేదు, చెంబుడు నీళ్ళు ఇవ్వమన్నాను.

అప్పుడు వచ్చింది కొత్త టీచరమ్మ. దక్షిణాది అరవదేశం పిల్ల. తెలుగును పుస్తకం పెట్టుకుని నేర్చుకుంది. ఆ పాఠం నేను చెప్పి తీరతాను, ముందు ఆడపిల్లలకు, తరువాత మగపిల్లలకు అన్నది. ఒకరోజు వంటగదిలోకి వచ్చి ఒక సందేహం అడిగింది. పుస్తకంలో రజస్వల అని ఉందట, పిల్లలకు ఆ మాట తెలియలేదట. సరస్వతికి చెల్లెలా అని ఒక పిల్ల అడిగిందట. మీరు ఇళ్ళలో ఏమంటారు అని టీచరమ్మ అడిగింది. పెద్దమనిషి అయింది అంటామమ్మా అన్నాను. ఆమె అరచేతిలో రాసుకుని పోయింది. ఊళ్ళో పంచాయితీ చెప్పే మగవాళ్ళను కూడా అదే మాట అంటామని చెప్పాలని నాకు తోచలేదు. చింతపండు పిసుకుతున్నాను.

మరునాడు స్కూలు గేటు దగ్గరి బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలు కనిపించాయి. 'శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు పెద్దమనిషి అయినవారికి, కాబోయేవారికి పాఠం జరుగును. తప్పక రావలెను.' ఆడపిల్లలు అని రాయలేదు. ఆ మాటలోనే ఆడపిల్ల ఉంది కదా అనుకుంది పాపం.

శుక్రవారం నేను గుండిగలు కడుగుతూ కిటికీలోంచి చూద్దును కదా, ముందు బెంచీలో మా బావ. తెల్లపంచె, ఇస్త్రీ చొక్కా, భుజాన తుండు. ఆయన పక్కన ఊరి పెద్దలు ఇద్దరు, ఆ చివర వార్డు మెంబరుకు నిలబడాలని తిరుగుతున్న ఒకాయన. ఆడపిల్లలంతా వెనక బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. స్కూలు కమిటీకి మా బావే పెద్ద. ఆయన కాదంటే ఈ ఏడు కూడా పాఠం ఉండదు. నా చేతిలో బూడిద చేతిలోనే ఉండిపోయింది.

టీచరమ్మ చంకలో పటం చుట్టతో వచ్చి, వాళ్ళను చూసి ఆగిపోయింది. ఎందుకు వచ్చారని మర్యాదగానే అడిగింది.

"పెద్దమనుషులు రావాలని రాసినారు కదమ్మా" అన్నాడు మా బావ.

"మీరు... పెద్దమనిషి అయ్యారా?"

"అయి ఇరవై ఏండ్లు దాటింది. మా నాయన పోయిన దినమే అయినాను."

వెనక బెంచీల్లో ఒక కిచకిచ మొదలై ఆగింది. వార్డు మెంబరుకు తిరుగుతున్న ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "నేను ఇంకా కాలేదమ్మా. వచ్చే ఎలక్షన్లో అయిపోతాను" అన్నాడు.

టీచరమ్మ చేతిలో సుద్దముక్క కిందపడింది. తన తెలుగులోనే ఎక్కడో తప్పు ఉందనుకుందేమో, ఇంక ఏమీ అడగకుండా రాత్రంతా కంఠస్థం చేసిన మొదటి వాక్యం గబగబా చెప్పేసింది. అండం అంటే అర్థం కాదని దాన్ని కూడా మార్చి పెట్టుకున్నట్టుంది. ఆడపిల్లలకు నెలకు ఒక గుడ్డు వస్తుంది అన్నది.

మా బావ ముఖం మారింది. దినానికొక గుడ్డు గవర్నమెంటు పంపిస్తోంది కదా అని లెక్క తీశాడు. కిటికీ వైపు తిరిగాడు. నన్ను చూసి, చూడనట్టుగా మా పిల్లతో అన్నాడు.

"మీ అవ్వను అడుగు. మిగతా గుడ్లు యాడికి పోతా ఉండాయి?"

గుడ్ల దొంగ అనే మాట నేను ఎవరిచేతా పడలేదు. చెయ్యి కడుక్కుని, కొంగు తల మీదికి లాక్కుని, గుమ్మం పక్కన వచ్చి నిలబడ్డాను.

"మీ తాతకు చెప్పు, అది కోడిగుడ్డు కాదు" అన్నాను.

"కోడిగుడ్డు కాదంట తాతా."

"మరి ఏం గుడ్డో అడుగు."

"మీ తాతకు చెప్పు, ఈ బోర్డులో రాసిండే పెద్దమనిషి వేరే."

మా పిల్ల ఇటు తిరిగింది. "వేరే అంటే ఏందవ్వా?"

అప్పుడు చూసుకున్నాను. ముందు మా బావ, వెనక ఇరవైమంది ఆడపిల్లలు, మధ్యలో నా మనవరాలు. గుమ్మడిపిందె లేదు, మామిడిపూత లేదు.

"ఆడపిల్లకు నెలనెలా రక్తం పోతుంది. అది మొదటిసారి వచ్చిన దినం పెద్దమనిషి అయినట్లు. అది రోగం కాదు, జలగ కాదు. నాకూ వచ్చింది, మీ అమ్మకూ వచ్చింది. వస్తే భయపడేది లేదు, చదువు నిలిపేసేది లేదు. అది చెప్పేదానికే టీచరమ్మ వచ్చిండేది. అని... మీ తాతకు చెప్పు."

పిల్ల తాత వైపు తిరగలేదు. నన్నే చూస్తూ నిదానంగా చెప్పింది.

"తాతా, భయపడేది లేదంట."

మా బావ తుండు తీసి ముఖం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. పాఠం నిలిపేస్తాడనే అనుకున్నాను. ఆయన లేచి, పక్కవాళ్ళను కూడా లేపి, గుమ్మం దగ్గరికి వచ్చి గోడతో అన్నట్టు అన్నాడు.

"మీ అవ్వకి చెప్పు, పాఠం అయ్యేదాకా ఈడనే నిలబడమని. మగోళ్ళు ఎవురూ లోపలికి పోకూడదు."

పోయినవాళ్ళు ఇంటికి పోకుండా వరండాలో కూర్చుని మామిడికాయల ధర మాట్లాడారు. లోపల టీచరమ్మ పటం విప్పింది. వరండాలో మామిడి ధర మెల్లమెల్లగా తగ్గి, చివరికి మాటే లేకుండా పోయింది. పాఠం అయ్యాక టీచరమ్మ ఎవరికైనా సందేహాలు ఉన్నాయా అని అడిగితే, వరండా కిటికీ బయటినుంచి వార్డు మెంబరుకు తిరుగుతున్న ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు ఇంకా కాలేదు కదప్పా, గమ్మునుండు" అన్నాడు మా బావ.

ఆ సాయంత్రం పిల్ల జలగ సంగతి ఏమిటని పట్టుకుంది. మొత్తం చెప్పాను. నవ్వి నవ్వి, ఎర్రగాజులు చివరికి ఎవరికి పోయాయని అడిగింది.

మామిడికాయలు కోతకు వచ్చే రోజుల్లో, నేను సాంబారుకు తాళింపు వేస్తుండగా పిల్ల వంటగదిలోకి వచ్చింది. "అవ్వా, అయినాను" అన్నది. నా గరిట సాంబారులో పడింది. టీచరమ్మ ఇచ్చిన ప్యాడు పెట్టుకున్నానని, కడుపు కొంచెం లాగుతోందని, బెల్లు కొట్టారు కాబట్టి పోతున్నానని చెప్పి మళ్ళీ క్లాసుకు పోయింది. నేను పొయ్యి ముందు కూర్చుండిపోయాను. పొగకు కళ్ళు మండాయి. ఆ రోజు సాంబారులో ఉప్పు వేయలేదని పిల్లలు చెప్పేదాకా నాకు తెలియలేదు.

సాయంత్రం మా బావ వచ్చాడు. చేతిలో గడ్డి పరిచిన గంప, దాని నిండా నాటుకోడి గుడ్లు. మా వైపు పెద్దమనిషైన పిల్లకు నువ్వులనూనెతో పచ్చిగుడ్డు తాగించడం ఆనవాయితీ. ఆయన పిల్లతో, "మీ అవ్వకి చెప్పు, తొమ్మిది దినాలు ఇంట్లో కూర్చోబెట్టాల కదా" అన్నాడు.

నేను తలుపు చాటునుంచి, "మీ తాతకు చెప్పు, రేపు లెక్కల పరీక్ష ఉంది" అన్నాను.

పిల్ల ఎవరి మాటా ఎవరికీ చేర్చలేదు. "నేను పోతాను తాతా. బోర్డులో మీరు చదవలేదా, పెద్దమనిషి అయినవారు తప్పక రావలెను" అన్నది.

ఇన్నేళ్ళలో మా మధ్యలో ఉన్నవాళ్ళు సొంతంగా మాట్లాడడం అదే మొదలు. మా బావ గంపను పిల్ల చేతికి ఇచ్చాడు.

"పోతే పో. గుడ్లు మాత్రం తినాల. దినానికి రెండు."

"రెండా తాతా? టీచర్ నెలకొకటే అనింది కదా."

మా బావ తుండు నోటికి అడ్డం పెట్టుకుని దూడ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. తలుపు ఇవతల నేనూ కొంగు అడ్డం పెట్టుకున్నాను. పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పరీక్షకు చదువుకోవాలి, ఎవరైనా లైటు వేస్తారా అని అడిగింది.