చాచా చేతికి ఎర్రగుడ్డ

నా చిన్నప్పుడు మెదక్ ఊరవుతల బీడుల విమానం దిగుతుండె అంటే మా మనమరాలు నమ్మదు. "ఉత్తగ చెప్తున్నవ్ అమ్మమ్మా" అంటది. ఉత్తగ చెప్తే నాకేమొస్తది? వరికి పురుగు పడ్డ యేడు, పొలాల మీద మందు కొట్టెతందుకు ఒక చిన్న విమానం వచ్చింది. దాన్ని కడిగే పనికి మా పక్కింటి చాచా కుదిరిండు.

పొద్దుగాల మందు కొట్టి దిగినంక దాన్ని కడగాలె, లేకుంటే ఆ మందు రేకును తింటది. చాచా ముందుగాల చక్రాలకు ముందు, ఎనక కట్టె మొద్దులు పెట్టేటోడు. రెక్కలను తాళ్లతోటి గూటాలకు కట్టేటోడు. అప్పుడే బకీట్ ముట్టేటోడు. మా అమ్మ నా తల రుద్దినదానికన్నా నయంగ రుద్దుతుండె. సద్ది తీస్కపోయిన నన్ను దూరంగనే నిలబెట్టి, "ముక్కుకున్న పంకా ఆగిందని ఎన్నడు నమ్మొద్దు బేటీ. అవుతలికి పోవాల్నంటే తోక ఎనకకెళ్లి తిరిగి పో" అనేటోడు.

రెక్క కింద ఒక సన్నని గొట్టం ఉంటది. దాంట్లకు గాలి పోతేనే విమానం ఎంత జోరుగ పోతున్నదో లోపల ముల్లు చూపెడ్తది. నీళ్లు పోవద్దని చాచా దాని మూతికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగేటోడు. తొడిగిన ఎంటనే తన చేతికి ఎర్రగుడ్డ కట్టుకునేటోడు. ట్యూబు తీసినంకనే గుడ్డ విప్పుడు. "మర్చిపోయిన్నంటే విమానం నడిపే పైలట్‌కు స్పీడు తెల్వది, పడిపోతడు" అని చెప్పిండు. గుడ్డ చేతికుండంగ ఇంటికి పోవద్దని ఆయన పెట్టుకున్న కట్టుబాటు.

చాచాకు ఒక్కతే బిడ్డ, తల్లి లేని పిల్ల. నాకైతే అక్కనే. నా జడలు రోజూ ఆమెనే వేస్తుండె. ఆ దినాల్ల జరమొచ్చి సర్కారు దవాఖానల పడ్డది. ఆ పొద్దు జర తేరుకొని, ఇంత అంబలి తాగి, "నువ్వు పనికి పో అబ్బా" అని నాయనను తనే పంపింది. దగ్గర మా అమ్మ కూసున్నది.

పగటిపూట అమ్మ నన్ను దవాఖాన నుంచి బీడుకు ఉరికిచ్చింది. "చాచాను జల్ది తోల్కరా, అక్క పానం బాగలేదు." నేను రొప్పుకుంట పోయి చెప్పిన. చాచా చేతుల ఉన్నది ఉన్నట్టే పడేసి, నన్ను సైకిల్ ముందర రాడ్ మీద కూసుండబెట్టుకొని తొక్కిండు. హ్యాండిల్ మీద ఆయన చెయ్యి నా కండ్ల ముందే ఉన్నది. ఆ చేతికి ఎర్రగుడ్డ ఉన్నది.

"చాచా, గుడ్డ విప్పలే" అన్న.

సైకిల్ ఆగింది. చాచా దవాఖాన దిక్కు చూసిండు, బీడు దిక్కు చూసిండు. "యా అల్లా" అని సైకిల్ ఎనకకు మలిపిండు.

పని అయిపోయి చాచా ఇంటికి పోయిండనుకొని పైలట్ అప్పటికే ఎక్కి కూసున్నడు. అక్కడి పనోళ్లు తాళ్లు విప్పిండ్రు, మొద్దులు తీసిండ్రు, పంకా తిరుగుతున్నది. చాచా దూరంగ, పైలట్‌కు అగుపడేటట్టు నిలబడి రెండు చేతులు పైకెత్తిండు. పంకా ఆగేదాంక కదల్లే. ఆగినంక గూడ, అంత పరేషాన్ల గూడ, తోక ఎనకకెళ్లే తిరిగి పోయిండు. ట్యూబు గుంజేసిండు. గుడ్డ విప్పిండు.

మేం దవాఖానకు పోయేసరికి అక్క లేదు. "ఇప్పుడే పోయింది. అబ్బా వచ్చిండా, అబ్బా వచ్చిండా అని అడుగుకుంటనే పోయింది" అని అమ్మ ఏడ్చింది. చాచా అక్క చెయ్యి పట్టుకొని, "వచ్చిన బేటీ, వచ్చిన" అనుకుంటనే ఉన్నడు. ఆ గొంతు ఇంకా నా చెవులల్ల ఉన్నది.

ఆ తర్వాత నేను వాళ్లింటి దిక్కు పోవుడే బంద్ చేసిన. కొన్నొద్దులకు చాచానే వచ్చి మా గడపల కూసున్నడు. "నా మీద అలిగినవా బిడ్డా?" అన్నడు. నేను బోరున ఏడ్చిన. "నేను గుడ్డ సంగతి చెప్పకపోతే అక్క పానముండంగనే అందుకుంటుంటివి చాచా" అన్న.

చాచా నా కండ్లు తుడిచిండు. "అవును, అందుకుంటుంటి" అన్నడు. నన్ను ఊరుకోబెట్టెతందుకని అబద్ధం చెప్పలే. "గని గా పైలట్‌కు గూడ పిల్లలున్నరు. నువ్వు చెప్పకుంటే వాళ్లు అడుగుకుంట కూసుంటుండ్రి, అబ్బా వచ్చిండా అని. వాళ్ల నాయన ఇంటికి పోయిండు బేటీ. నీవల్లనే చేరిండు."

అని నా చెదిరిన జుట్టు చూసి, నన్ను దగ్గర కూసుండబెట్టుకొని జడలు వేసిండు. వంకరటింకర వేసిండు. అమ్మ మళ్ల దువ్వుతనంటే నేను ముట్టనియ్యలే.

ఇప్పుడు పొయ్యి మీద పాలు పెట్టినా, బోరు మోటరు వేసినా చేతికి ఇంత ఎర్రగుడ్డ కట్టుకుంట. మనమరాలు నవ్వుతది, నవ్వనీ. పని అయినంక విప్పుకుంట. విప్పేటప్పుడు మాత్రం అక్క అడిగినట్టే అయితది. నాలో నేనే జవాబు చెప్పుకుంట: వచ్చిండక్కా, అబ్బా వచ్చిండు. జర ఆలస్యమైంది.