నేను చెయ్యని ఫోన్

సైదాబాద్‌లో యంత్రాలను తిప్పే సర్వో మోటార్లు బాగుచేసే మా షెడ్డులో ఆమె నాకంటే సీనియర్. మోటారు మీద అరచెయ్యి పెట్టి చూడనిదే ఏమీ చెప్పేది కాదు.

ఒక లేత్ మోటారు నెమ్మదిగా తిరిగేటప్పుడు వణికేది. మార్చేద్దామన్నాను.

“మోటార్ మంచిగనే ఉంది భాయ్. అది ఏడిదాక తిరిగిందో సెన్సర్ చెప్తది, గంతే. స్పీడ్ మనమే లెక్కగట్టాలె, లెక్క తప్పితె వణుకుతది. మెల్లగ తిరిగేదాన్ని జర ఎక్కువసేపు చూసి లెక్కగట్టాలె,” అంటూ సెట్టింగ్ మార్చింది. వణుకు ఆగిపోయింది.

“ఎవరు చేసిన్రు?” అని లేత్ యజమాని అడిగితే మా షెడ్డు ఓనరు సేఠ్ నా భుజం తట్టాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

“నువ్వన్న చెప్తవనుకున్న,” అని ఆమె వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

నన్ను ఇన్‌చార్జిని చేశారు. ఆమెను మళ్లీ పనికి పిలవమని సేఠ్ నాకే చెప్పాడు. ఆమె వస్తే నా పనితనం ఏపాటిదో బయటపడుతుందని నేను ఫోన్ చెయ్యలేదు.