డెబ్బై రెండో నంబరు చుట్టూ ఎర్ర సున్నా

ఆ రోజుల్లో శనివారం వచ్చిందంటే నేను విద్యార్థిని కాదు, విశ్లేషకుణ్ని. ఎమ్మెస్‌కని అమెరికా వచ్చిన మొదటి ఏడాదంతా, చేత్తో పట్టుకుని పరుగెత్తే ఇక్కడి కాలేజీ ఫుట్‌బాల్‌లో బంతి ఎవరి దగ్గరుందో వెతుక్కోవడంతోనే గడిచిపోయింది. (దొరికేసరికి అందరూ లేచి దుమ్ము దులుపుకుంటుండేవాళ్లు.) రెండో ఏడాదికల్లా మా యూనివర్సిటీ టీమ్ ఓటములకు కారకులెవరో తేల్చే బాధ్యత నా మీద వేసుకున్నాను. మ్యాచ్ రికార్డింగును ముందుకీ వెనక్కీ తిప్పి, ఆపి, తప్పు చేసినవాడి చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, నా గొంతుతో వ్యాఖ్యానం జోడించి యూట్యూబ్‌లో పెట్టేవాణ్ని. ఎడిటింగ్ మా రూమ్మేట్‌ది. అతన్ని మేమందరం మామా అనేవాళ్లం. నావి చిన్నప్పటినుంచీ క్రికెట్ చూసిన కళ్లు. అక్కడ క్యాచ్ వదిలేసినవాడు అందరికీ కనబడతాడు, తిట్టుకోవడం తేలిక. ఫుట్‌బాల్‌నూ అవే కళ్లతో చూశాను.

ఒక మ్యాచ్ చివరి నిమిషంలో మావాళ్లు ఓడిపోయారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడాల్సిన డెబ్బై రెండో నంబరు భారీకాయుడు, ఎదురొచ్చినవాణ్ని ఇలా తాకి అలా వదిలేసి పక్కకు పరుగెత్తాడు. ఆ వచ్చినవాడు క్వార్టర్‌బ్యాక్‌ను నేలకేసి కొట్టాడు.

“దొరికాడు మామా!” అన్నాను.

“అంత పెద్ద టీమ్‌ల ఉన్నోడు ఉత్తగనే ఎందుకు వదిలేస్తడ్రా?”

“భయపడ్డాడు. కనబడట్లా? సున్నా ఇంకొంచెం లావుగా పెట్టు.”

ఆ వీడియోను అభిమానుల పేజీ ఒకటి ఎత్తుకుంది. మరుసటి శనివారం స్టేడియంలో డెబ్బై రెండో నంబరు మైదానంలోకి వచ్చినప్పుడల్లా విద్యార్థులు ‘బూ’ అని ఎగతాళిగా అరిచారు. నేనూ అరిచాను. పైగా, ఇదంతా నా చలవేనని గర్వంగా చుట్టూ చూశాను.

అప్పట్లో నేను స్టాటిస్టిక్స్ క్లాసుకి టీఏని, అంటే టీచింగ్ అసిస్టెంట్‌ని కూడా. డేటాలో లేని సంగతిని ఊహించి రాస్తే నిర్దాక్షిణ్యంగా మార్కులు కోసేవాణ్ని. ఆ వారం, విద్యార్థులు సందేహాలు అడగడానికొచ్చే నా ఆఫీస్ అవర్‌కి, వెనక వరుసలో మోకాళ్లు ముడుచుకుని కూర్చునే విద్యార్థి ఒకడు వచ్చాడు. కోర్సు డ్రాప్ చేస్తానన్నాడు.

“క్లాసులో నా ముందే ఆ వీడియో పెట్టుకుని నవ్వుతున్నారు. ఆ డెబ్బై రెండు నేనే.”

(అతని మొహం హెల్మెట్ లేకుండా నేనెప్పుడూ చూడలేదు. మా టీమ్ జెర్సీల మీద పేర్లుండవు.) కోర్సు వదిలేస్తే క్రెడిట్లు తగ్గి, ఆ సీజన్‌లో ఆడే అర్హతే పోతుంది. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

“ఆ వీడియో చేసింది నేనే,” అన్నాను.

“తెలుసు. వారానికి రెండుసార్లు వినే గొంతే కదా.” అతని మాటలో కోపం లేదు. “ఆ ప్లేకి వేసిన ఎత్తుగడలో మా కోచ్ నాకేం చెప్పాడో మీ డేటాలో ఉందా?”

లేదు. అతను లేచి కుర్చీలు జరిపి, నన్ను క్వార్టర్‌బ్యాక్‌గా నిలబెట్టాడు. “ఈ కుర్చీలు అవతలివాళ్లు. వీళ్లని కావాలనే లోపలికి రానిస్తాం. మీరు వీళ్ల తలల మీంచి పక్కనున్నవాడికి బంతి వేయాలి. అతనికి దారి చేయడానికే నేను పరుగెత్తింది.”

“మరి బంతెందుకు వేయలేదు?”

“అందుకోవాల్సినవాడు జారిపడ్డాడు. టీవీలో ఆ మూల కనబడదు.” కుర్చీని తిరిగి దాని చోటికి జరిపాడు. “ఇప్పుడు అతని చుట్టూ సున్నా చుట్టకండి, ప్లీజ్.”

ఇన్ని తిట్లు తింటూ కూడా అతను ఆ మాట అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఒక్క వారం ఆగమని బతిమాలాను. తర్వాతి క్లాసులో అందరి ముందూ ఆ వీడియో చేసింది నేనేనని ఒప్పుకుని, కుర్చీలు పెట్టి, జారిపడినవాడి ఊసెత్తకుండా ఆ ప్లే వివరించాను. క్లాసంతా నవ్వింది, ఈసారి నన్ను చూసి. వెనక వరుసలో అతనూ నవ్వాడు. కోర్సు వదల్లేదు. సవరణ వీడియో కూడా పెట్టాను కానీ దాన్ని చూసిన నాథుడు లేడు. స్టేడియంలో అరుపులు ఒకపట్టాన ఆగలేదు. వాటి మధ్యే మా స్టాటిస్టిక్స్ క్లాసు వాళ్లం ఒకచోట చేరి, డెబ్బై రెండో నంబరు కనబడితే చాలు, చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టేవాళ్లం.

చివరి పరీక్ష రోజు పేపరిచ్చి వెళ్తూ అతను నా బల్ల దగ్గర వంగి, “ఆఖరి మ్యాచ్‌లో నిజంగానే ఒకణ్ని వదిలేశాను. చూశారా?” అన్నాడు రహస్యంగా.

చూడలేదు. అప్పుడు నేను చప్పట్లు కొడుతున్నాను.

ఇప్పుడు నేనుంటున్న క్యారీ ఊళ్లో శనివారాలు టీవీ ముందు కూర్చున్నప్పుడు ఆ మాట గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఆనాటి విశ్లేషకుడి మీద నాకిప్పుడు కోపం లేదు. అంత తప్పు చేసినా అతనికి అంత మంచి విద్యార్థి దొరికాడు కదా అని, కాస్త అసూయ మాత్రం ఉంది.