బాగాలేనని నాచేత చెప్పించిన దేవుడు

సహోదరులారా, ఆఫీసుకని ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి తలుపులు మూసుకోగానే నాకు గుండె దడదడలాడేది, చెమటలు పట్టేవి, ప్రాణం పోతుందేమోననిపించి దిల్‌సుఖ్‌నగర్‌లోనే దిగిపోయి ప్లాట్‌ఫారం మీద కూలబడేవాణ్ణి. ఉద్యోగం పోతే పిల్లల గతేమిటని ఒక భయం, అసలు నేను బతుకుతానా అని ఇంకో భయం!

నేను డేటా సైంటిస్టును, అంటే లెక్కలు చూసి రేపేం జరగవచ్చో చెప్పేవాణ్ణి. మొదట యూనివర్సిటీలో వానల మీద పరిశోధన చేశాను, తరువాత ఒక పార్టీకి సర్వేలు చేశాను, ఇప్పుడు ఒక కంపెనీలో ఏ సబ్బు ఎంత అమ్ముడవుతుందో చెబుతున్నాను. జనం అడిగేవాడి మొహం చూసి జవాబిస్తారని సర్వేల్లో బాగా తెలిసింది. మావాళ్ళు ఏ గడప తొక్కినా "ఓటు మీకే ఏస్తం సార్" అనేవారు, నేను నమ్మేవాణ్ణి కాదు. అంత తెలిసినవాణ్ణి, ఆదివారం పాస్టరుగారు "ఎలా ఉన్నావయ్యా" అంటే మాత్రం "దేవుని కృపండీ, బాగున్నాను" అనేవాణ్ణి!

ఒక శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నాం. మా ఆవిడది నల్లగొండ వైపు, దాపరికం తెలియని మనిషి. తన వంతు రాగానే కళ్ళు మూసుకుని గట్టిగా అందుకుంది. "ప్రభువా, గీయన అందరికీ మంచిగున్న అని చెప్తుండు. మంచిగ లేడయ్యా! అన్నం తింటలేడు, రైలు పేరెత్తితే వణుకుతుండు. నాకైతే చెప్తలేడు, నీకన్న చెప్పిండా? జర ఈయన నోరు తెరువు తండ్రీ!"

నాకు ఒళ్ళు మండింది, అందరిలో పరువు తీసిందే అనుకున్నాను. అంతలో నా వంతు వచ్చింది, ఎప్పుడూ చెప్పే మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "ప్రభువా, నేను బాగాలేను, భయంగా ఉంది, నన్ను కాపాడు" అని పసిపిల్లాడిలా ఏడ్చేశాను. హల్లెలూయా! నా విడుదల అక్కడే మొదలైంది.

మర్నాడు పాస్టరుగారే మలక్‌పేటలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గుండెకేమీ లేదు, ఇది భయం తెచ్చిన జబ్బు, నయమవుతుందని డాక్టరమ్మ చెప్పింది. మందులు వేసుకున్నాను, ప్రార్థనా మానలేదు, ఏది ఎంత పనిచేసిందో లెక్క తేల్చమని మాత్రం నన్నడగకండి, మందు కూడా ఆయన ఇచ్చిందే. మా ఆవిడ కొన్నాళ్ళు నా చెయ్యి పట్టుకుని ఆఫీసు గేటు దాకా వచ్చింది. ఇప్పుడు ఒక్కణ్ణే వెళ్ళొస్తున్నాను, దేవునికే మహిమ!

మీలో ఎవరైనా నాలాగే నలుగుతుంటే ఆయనను నమ్మి ఉన్నదున్నట్టు చెప్పుకోండి, ఆయన వింటాడు. నోరు రాకపోతే ఆరాధన అయ్యాక మేమిద్దరం వెనక కుర్చీల్లో ఉంటాం, వచ్చి పక్కన కూర్చోండి చాలు. మీ తరఫున మా ఆవిడ చెబుతుంది.