నేను అనువదించిన ఒక్క వ్యాఖ్య

గొంతు నరాలను క్రమంగా దెబ్బతీసే ఒక వ్యాధి మీద మా ఆసుపత్రి రోగుల వివరాలు ఒకచోట చేర్చే పరిశోధన రిజిస్ట్రీ నడుపుతుంది. రోగుల సమాచారంలోంచి వారి ఆనవాళ్లు తొలగించి పరిశోధకులకు అందించడం నా ఉద్యోగం. పేరు, ఫోను నంబరు, ఇంటి చిరునామా తీసేస్తాను. పుట్టిన తేదీకి బదులు వయసు మాత్రం ఉంచుతాను.

ఆ రోగుల్లో ఒకామె ఇక్కడే చెన్నైలో, కోడంబాక్కంలో ఉంటూ, తమిళం నుంచి తెలుగులోకి వచ్చే సినిమాలకు డబ్బింగ్ చెప్పేది. నేను తెలుగువాడినని సమ్మతిపత్రంతో నా దగ్గరికే పంపారు.

“నా పేరు ఎక్కడా రాదు కదా బాబూ?”

“రాదమ్మా. మీకొక నంబరు ఇస్తాం, అంతే.”

“నంబరా? జైల్లో వేసినట్టేనన్నమాట!” నవ్వింది. నవ్వు మధ్యలోనే గొంతు తెగిపోయింది. “స్టూడియోలో తెలిస్తే ఇక పిలవరు. గొంతు బాగున్న పూట చెప్పుకుంటూ ఇంకో రెండేళ్లు లాక్కొస్తా.”

సంతకం చేసింది.

ఆమె వివరాలు రాసుకున్న నర్సు నెల్లూరు మనిషి. చివర తెలుగులో ఒక వ్యాఖ్య చేర్చింది: చాలా ఏళ్లుగా తల్లి పాత్రలకు గొంతు ఇస్తున్నారు, ఏడుపు సన్నివేశాల్లో మొదట ఇబ్బంది తెలిసింది అని. దాన్ని ఒక్క మాట పోకుండా ఇంగ్లీషులోకి మార్చాను. పేర్లను పట్టుకునే ప్రోగ్రాం రెండుసార్లు వెతికింది, పేరేదీ దొరకలేదు. వ్యాధి ఎలా మొదలవుతుందో ఇంత స్పష్టంగా ఎక్కడా లేదని రిజిస్ట్రీ చూసే డాక్టరు దాన్ని వార్షిక నివేదికలో ఉదాహరణగా వేశారు. పక్కనే వయసు, మాతృభాష, ప్రాంతం. ఒక్కొక్కటీ విడిగా సరిచూశాను. నాలుగూ కలిపి చదవలేదు. డబ్బింగ్ వాళ్లలో సగంమంది హైదరాబాదు వెళ్లిపోయాక, ఈ ఊళ్లో తెలుగు తల్లుల ఏడుపు ఏడ్చే గొంతులు ఎన్ని మిగిలాయో ఆ రంగంలో ఎవరినడిగినా చెబుతారు.

నివేదిక వెబ్‌సైట్‌లో పెట్టిన కొన్ని వారాలకు ఆమె వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మా డబ్బింగ్ ఇన్‌చార్జి కూతురు డాక్టరీ చదువుతోంది. మీ నివేదిక చదివి వాళ్ల నాన్నకు చూపించిందట. ‘ఇది నువ్వే కదక్కా?’ అన్నాడు. కాదన్నాను బాబూ. ఆ కాదు అనే ముక్క కూడా గొంతులోంచి సరిగా రాలేదు.”

నివేదికను అప్పటికప్పుడే తీయించాను. అప్పటికే ఎంతమంది దాన్ని దించుకున్నారో తెర మీద కనిపిస్తూనే ఉంది. కావాలంటే రిజిస్ట్రీలో మీ వివరాలన్నీ చెరిపేయిస్తానన్నాను.

“స్టూడియో వాళ్ల బుర్రల్లోంచి కూడా చెరుపుతావా?”

ఆ తర్వాత ఆమెకు పిలుపులు ఆగిపోయాయి.

ఆరు నెలల పరీక్షకు మళ్లీ వచ్చింది. ఆ వ్యాధికి మందు ఇచ్చేది మా దగ్గరే కనుక రాక తప్పలేదు. ప్రశ్నావళి నింపడానికి నర్సు లేదు, నేనే కూర్చున్నాను. వృత్తి దగ్గర నా చెయ్యి ఆగింది.

“ఏం లేదని రాయి,” అంది గుసగుసగా.

రాశాను. రోజుకు సుమారు ఎన్ని గంటలు మాట్లాడతారు అన్నది తర్వాతి ప్రశ్న. చదివి వినిపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది.