ఇస్తారి బిడ్డ మడి

మచ్చ బొల్లారం కాలనీల్లో ఇస్తారి ట్యాంకర్ హారన్ వినపడితే చాలు, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే, ఆడవాళ్ళు బిందెలు పట్టుకొని వీధిలోకి ఉరికేవాళ్ళు. రెండువేల మూడు ఎండాకాలం అది. బోర్లు గాలి కక్కుతున్న రోజులు. ఇస్తారి దేవరయాంజాల్ దగ్గర ఒక ద్రాక్షతోట బోరులో నీళ్ళు నింపుకొని వచ్చి ఇంటింటి సంపులో పోసేవాడు. ఊరందరి గొంతు తడిపే ఇస్తారి ఇంట్లో మాత్రం తాగడానికి గ్లాసుడు నీళ్ళు దొరికేవి కావు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే దొరికేవి కావు. ఆ నీళ్ళన్నీ ఆయన ఒక్కగానొక్క బిడ్డ రోజారాణి చేతుల మీదుగా మోరీలోకి పోయేవి.

రోజారాణి తొమ్మిదో తరగతి. మొదట చేతులు కడిగేది. తర్వాత నల్లా తిప్పే ముందు నల్లాను కడగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత సబ్బు మీద అనుమానమొచ్చింది. నలుగురూ ముట్టుకున్న సబ్బు కదా, దాన్ని ఇంకో సబ్బుతో కడిగేది. మరి ఆ రెండో సబ్బు సంగతేమిటి? దానికి మూడోది కావాలి. తల్లి కమలాబాయి సబ్బుల్ని బియ్యం డ్రమ్ములో దాచింది. రోజారాణి సబ్బుతో పాటు బియ్యం కూడా కడిగి ఎండబోసింది.

"నీ బిడ్డ ఒక్కతే నీ ట్యాంకరంత నీళ్ళు ఒడగొడ్తాంది. ఏందో అరుసుకోవా?" అని కమలాబాయి మొత్తుకుంది.

"సుభ్రంగుంటె తప్పేందే? మా అవ్వ గూడ గట్లనే ఉండె," అన్నాడు ఇస్తారి. వాళ్ళ అవ్వ ఎట్లా ఉండేదో ఆయనకు ఏమాత్రం గుర్తులేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

అయినా లోపల్లోపల పరేషాన్ అయ్యాడు. తాయెత్తు కట్టించాడు. దాన్ని కడిగీ కడిగీ రోజారాణి దారం తెంపేసింది. నిమ్మకాయతో దిష్టి తీయించి మూడు తోవల కాడ పారేయమంటే, పారేసే ముందు ఆ నిమ్మకాయను కూడా కడిగింది. దిష్టి తీసిన ముసలమ్మ ఆ ఇంటికి మళ్ళీ రానని ఒట్టేసి పోయింది.

సరిగ్గా అప్పుడే ఈ సంగతి కామేశ్వరమ్మ కళ్ళబడింది. ఆవిడది కోస్తా, భర్త బ్యాంకు ఉద్యోగి, కాలనీలో మొదటి వీధి చివరి ఇల్లు. మడీ ఆచారం అంటే ప్రాణం పెట్టే మనిషి. ఇస్తారి పోసిన నీళ్ళలో కూడా పసుపు చల్లితే తప్ప వాడుకోదు. అంతవరకు ఆయన్ని గేటు దాటి లోపలికి రానిచ్చిన పాపాన పోలేదు. ఒకరోజు నీళ్ళు సరిగా రాలేదని దెబ్బలాడడానికి వచ్చి, పెరట్లో రోజారాణి చెంబు తోముతుంటే చూసింది. తోమి, కడిగి, మళ్ళీ తోమి, నేలకు ఆనిందేమోనని మళ్ళీ కడిగింది పిల్ల. కామేశ్వరమ్మ దెబ్బలాట మరిచిపోయి చేతులు జోడించింది.

"ఏమయ్యా ఇస్తారీ, మా అత్తగారు కూడా ఇంత మడి కట్టలేదయ్యా! ఇది నీకు పుట్టవలసిన పిల్ల కాదు. ఏదో పూర్వజన్మ సంస్కారం," అంది.

ఇస్తారి ఎగిరి గంతేశాడు. ఆ మాటలో తనకెంత తిట్టు ఉందో ఆయనకు తట్టలేదు. తట్టినా పట్టించుకునేవాడు కాదు. ఆ మర్నాడు కామేశ్వరమ్మ ఇంట్లో కమలాబాయికి వరండాలో కుర్చీ వేశారు. ఆ కుర్చీ అంచున కూర్చొని కాఫీ తాగి వచ్చిన కమలాబాయి ఆ రోజు నుంచి సబ్బులు దాచడం మానేసింది.

శ్రావణమాసం వచ్చేసరికి విషయం ముదిరింది. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, ఆ పిల్ల చేత్తో తోమిన గిన్నెల్లో నైవేద్యం పెడితే అమ్మవారు తప్పకుండా స్వీకరిస్తుందని కామేశ్వరమ్మ చాటింది. వరలక్ష్మీ వ్రతానికి ముందు కాలనీ ఆడవాళ్ళు ఇత్తడి సామానంతా ఇస్తారి పెరట్లో దించిపోయారు. పూలు పెట్టి మరీ దించిపోయారు. ఒకావిడ పిల్ల కాళ్ళకు దండం పెట్టబోతే, ముట్టుకోవద్దని రోజారాణి కేక పెట్టింది. అది విని అందరూ ఇంకా మురిసిపోయారు.

మధ్యాహ్నం ఇస్తారి ట్రిప్పు వేసి వచ్చేసరికి పెరట్లో బిందెలు, పళ్ళేలు, దీపపు కుందులు కుప్పగా ఉన్నాయి. వాటి మధ్య రోజారాణి చింతపండు పట్టుకొని తోముతూ ఉంది. వేళ్ళ కణుపులు పగిలాయి. చింతపండు పులుసు ఆ పగుళ్ళలోకి దిగి మంట పెడుతుంటే పిల్ల ఏడుస్తూ తోముతూ ఉంది. ఏడుపు ఆగడం లేదు, చెయ్యీ ఆగడం లేదు.

"ఇగ సాలు బిడ్డా, లే," అన్నాడు ఇస్తారి.

"నాకు కడగాలని లేదు నాయినా. ఆపుదామంటె ఆపనీకి వస్తలేదు. నువ్వన్న ఆపు."

ఇస్తారి గబుక్కున వంగి ఆ చేతులు పట్టుకున్నాడు. రోజారాణి బెదిరిపోయి చేతులు లాక్కుంది. ట్యాంకర్ పైపు పట్టిన చేతులు కదా ఆయనవి. అంతసేపు తోమిన సామానంతా మైలపడిందని మొదటి గిన్నె నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఇస్తారికి జీవితంలో ఎప్పుడూ అంత భయం వేయలేదు.

అంతలో బడి నుంచి కబురొచ్చింది. లలితకుమారి టీచర్ ఆయన్ని కూర్చోబెట్టి, ఇంట్లో సంగతులు అడిగి తెలుసుకొని, సూటిగా చెప్పింది. "మీ అమ్మాయి రాసింది చెరిపి, మళ్ళీ రాసి, కాగితం చిరిగేదాకా రుద్దుతోంది. అన్నం డబ్బా తెరవదు. తలుపును మోచేత్తో తోస్తుంది. ఇది అలవాటు కాదు ఇస్తారి గారూ. డాక్టరుకు చూపించాలి. మనసు డాక్టరుకు."

"అంటె నా బిడ్డను ఎర్రగడ్డకు దోలుమంటున్నవా మేడం? నా బిడ్డ పిచ్చిదా?"

"జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోరా? ఇదీ అంతే. సికింద్రాబాద్‌లో పిల్లల్నే చూసే డాక్టరమ్మ ఉంది. మీరు చేయి పట్టుకుంటే అమ్మాయి ఏం చేసిందో మీరే చెప్పారు కదా. ఇంకా ఎన్నాళ్ళు చూస్తారు?"

ఇస్తారి మింగలేక కక్కలేక ఇంటికొచ్చాడు. తీసుకుపోవాలనే నిర్ణయించాడు. కానీ ఎవరైనా చూస్తే? దేవత అన్న నోటితోనే పిచ్చిది అంటారు. అప్పుడు ఆయన బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. ట్యాంకర్ నిండా నీళ్ళు నింపి, పక్కసీట్లో బిడ్డను కూర్చోబెట్టుకొని బయలుదేరాడు. ఎవరడిగినా లోడు ఉందని చెప్పొచ్చు. సీటు కడిగి ఎక్కడానికి రోజారాణికి గంట పట్టింది. ఆ మాత్రానికి నీళ్ళకు కొదవలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ ట్యాంకర్ను చూసి పెళ్ళివారొచ్చినట్టు ఎదురొచ్చాడు. "జల్దీ రా అన్నా, సంపు అటు దిక్కుంది," అన్నాడు. చూపించుకోవడానికి వచ్చామని చెప్పడానికి నోరు రాక ఇస్తారి సంపు దగ్గరికి పోయి ట్యాంకర్ మొత్తం ఖాళీ చేశాడు. తర్వాత తడిసిన ప్యాంటుతో వరసలో కూర్చున్నాడు. ఆ తర్వాత కూడా పోయిన ప్రతిసారీ ఆయన నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. వాచ్‌మన్ అలవాటు పడిపోయి, ఆయన రావడం ఆలస్యమైతే కోప్పడేవాడు.

డాక్టరమ్మ ఇస్తారిని పక్కన కూర్చోమని, పిల్లతోనే మాట్లాడింది. "కడగకపోతే ఏమవుతుందనిపిస్తుంది తల్లీ?"

రోజారాణి తండ్రి వైపు చూడకుండా చెప్పింది. "నాయిన ట్యాంకర్ బోర్ల పడ్తది. నాయిన సచ్చిపోతడు."

ఇస్తారి నలుగురిలో చెప్పుకొని మురిసిన మడి అది. ఆ చేతులు పగలగొట్టుకున్నది తనను బతికించడానికని తెలిశాక ఆయనకు తన మురిపెం మీదే అసహ్యం వేసింది.

"ఇది భక్తి కాదు, పొగరు కాదు, మీ పెంపకంలో లోపమూ కాదు. జబ్బు," అంది డాక్టరమ్మ. "శుభ్రం ఇష్టమైనవాళ్ళకు కడిగితే తృప్తి. ఈ పిల్లకు ఎంత కడిగినా భయమే." మందులిచ్చింది. భయం పుట్టించే దాన్ని ముట్టుకొని, కడగకుండా, ఆ భయం దానంతటదే తగ్గేదాకా కూర్చోవడం నేర్పింది. ఇస్తారికి కూడా ఒక పని అప్పజెప్పింది. ఏం కాదు, ఏం కాదు అని పిల్లను ఓదార్చకూడదు, ఏదీ దాచకూడదు.

తలుపు గొళ్ళెం ముట్టుకోవడంతో మొదలైంది. ఏడుపులు, అలకలు, పరీక్షలప్పుడు మళ్ళీ సబ్బులు. నెలలు పట్టింది. కామేశ్వరమ్మ సామాను వెనక్కి పంపితే ఆవిడ వరండాలో కుర్చీ కూడా మాయమైంది. కమలాబాయి రెండు రోజులు బాధపడి ఊరుకుంది. చివరికి అన్నిటికన్నా కష్టమైనది రోజారాణే ఎంచుకుంది. ట్యాంకర్ పైపును రెండు చేతులతో పట్టుకోవాలి. నాయిన ట్రిప్పుకు పోయి వచ్చేదాకా కడగకూడదు.

ఆ పొద్దున ఆమె పైపు పట్టుకుంది. అరచేతులు గ్రీజుతో నల్లగా అయ్యాయి. అది చూసి ఇస్తారికి భయం పట్టుకుంది. ఈ ఒక్కరోజు తనకేమైనా అయితే బిడ్డ ఎప్పటికీ నమ్మదు. టైర్లు చూశాడు. బ్రేకు చూశాడు. బండెక్కి, దిగి, మళ్ళీ టైర్లు చూశాడు.

"ఇగ నిన్ను గూడ డాక్టరమ్మ కాడికి దోల్కపోవాల్నా?" అని కమలాబాయి అరిస్తే బయలుదేరాడు.

అంత నెమ్మదిగా ట్యాంకర్ను ఎవరూ నడిపి ఉండరు. చేతికర్ర ముసలాయన ఒకడు పక్క నుంచి దాటిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. వెనక ఆటోలవాళ్ళు నోటికొచ్చినట్టు తిట్టారు. ఇస్తారి కనురెప్ప వేయకుండా రోడ్డునే చూస్తూ పోయాడు. కామేశ్వరమ్మ ఇంటి ముందు ఆపబోతూ, కుడి పక్కన ఎవరిదో పిల్లల సైకిల్‌కు తగలకూడదని అంత జాగ్రత్తగా అటే చూశాడు. బండి ఎడమ పక్క పోయి ఆవిడ గేటు దిమ్మెకు గుద్దుకుంది. హెడ్‌లైటు భళ్ళున పగిలింది.

కామేశ్వరమ్మ ఏమేం తిట్టిందో ఆయనకు వినబడలేదు. అల్వాల్‌లో మెకానిక్ దగ్గర కొత్త లైటు వేయించుకొని ఇంటికి పోదామనుకున్నాడు. సగం దూరం పోయాడు కూడా. డాక్టరమ్మ మాట గుర్తొచ్చి, తిట్టుకుంటూ బండి మళ్ళించాడు.

రోజారాణి గుమ్మం ముందే నిలబడి ఉంది. చేతులు ఒంటికి తగలకుండా ముందుకు చాపి పట్టుకుంది. పగిలిన లైటును చూసింది. ముఖం పాలిపోయింది.

"గుద్దిన బిడ్డా," అన్నాడు ఇస్తారి. ఇంకేం చెప్పలేదు. చెప్పకుండా ఉండడానికి పళ్ళు బిగబట్టాల్సి వచ్చింది.

ఆమె నల్లా వైపు చూసింది. నల్లా దగ్గరికి పోలేదు. ట్యాంకర్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, తండ్రిని పైనుంచి కిందిదాకా చూసింది.

"లైటు పలిగింది. నువ్వైతే పలగలే గద నాయినా."

"పలగలే బిడ్డా," అన్నాడు ఇస్తారి. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. రోజారాణి ఆ నల్లటి చేతులతోనే తండ్రి కళ్ళు తుడిచింది, చెంపలు తుడిచింది, ముఖమంతా గ్రీజు పూసింది. రెండో ట్రిప్పుకు ఆయన ఆ ముఖంతోనే పోయాడు.