ఉసురు భయం

మా నాన్న చావుకు కారణమైన మనిషి పోయినేడు పూతరేకుల పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

మాది ధవళేశ్వరం దిగువన కాలువ పక్క ఊరు. మా చేను పక్కనే అతను రొయ్యల చెరువులు తవ్వించాడు. దొంగల భయంతో రాత్రిళ్లు వాటి చుట్టూ కరెంటు తీగ లాగి ఉంచేవాడు. నేను రాజమండ్రిలో డిగ్రీ చదివే రోజుల్లో, తెల్లవారుజామున చేలో నీళ్లు చూసుకోవడానికి వెళ్లిన నాన్న శవమై కాలువ గట్టున కనిపించాడు. పాము కరిచిందనుకున్నాం. కాలి మీద కాలిన మచ్చ అమ్మే చూసింది. పెద్దలు నిలదీస్తే, తీగ తనదేనని అతను ఒప్పుకున్నాడు. తాను చూసేసరికే ప్రాణం పోయిందని, భయపడి గట్టు మీదికి మోయించానని చెప్పాడు. అందరం ఒకే ఊళ్లో బతకాలి కదా అంటూ పెదనాన్న కేసు పెట్టనివ్వలేదు.

ఇన్నేళ్ల తర్వాత ఆ పెదనాన్నే అతన్నీ అతని భార్యనీ వెంటబెట్టుకొచ్చాడు. సెలవుకు వచ్చి ఉన్న నేనే కాఫీ ఇవ్వాల్సి వచ్చింది. అతను నాన్న ఫొటో కిందే కూర్చుని, జుర్రుమని చప్పుడు చేస్తూ తాగాడు.

సంగతి పెదనాన్న చెప్పాడు. అతని కోడలికి రెండుసార్లు గర్భం నిలవలేదట. మళ్లీ నెల తప్పిందట. ఆ ఇంటికి ఒక ఆడమనిషి ఉసురు తగిలిందని ఎవరో సిద్ధాంతి చెప్పాడట. వాళ్లు తెచ్చిన చీర అమ్మ అందుకుని, క్షమించానని చెప్పి, నాలుగు అక్షింతలు వేస్తే చాలట. వచ్చిన దగ్గర్నుంచి అతను నాన్న మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

అమ్మ ఆ చీర వైపు చూడలేదు. “మోసేటప్పుడు ఆయన ఒళ్లు చల్లబడిందాండీ?” అని అడిగింది.

ఇప్పుడవన్నీ ఎందుకని పెదనాన్న అడ్డుపడ్డాడు. అమ్మ మళ్లీ అదే అడిగింది.

అతను భార్య వైపు చూశాడు. “కొంచెం ఊపిరి ఉందనిపించింది చెల్లెమ్మా. ఆసుపత్రికి తీసుకెళ్తే కేసవుద్దని...” అని ఆగి, “నిజం చెప్పేశాను కదా, ఇంక మనసులో పెట్టుకోకు” అన్నాడు.

నాన్న ఊపిరి పీలుస్తూ ఆ గట్టు మీద ఎంతసేపున్నాడో! నాకు ఒళ్లంతా పురుగులు పాకినట్టయింది. పెదనాన్న మాత్రం, “ఒప్పుకున్నాడు కదమ్మా, ఇంకేం కావాలి?” అన్నాడు. అతని కంటే పెదనాన్నను చూస్తేనే ఎక్కువ రోత పుట్టింది.

అమ్మ గొంతు పెంచలేదు. “మీ కోడల్ని నేనెప్పుడూ శపించలేదండి. ఆ పిల్ల పండంటి బిడ్డని కనాలి. మిమ్మల్ని మాత్రం క్షమించను. ఇప్పుడన్న మాట పోలీస్ స్టేషన్లో చెప్పండి” అంది.

పెట్టె తీసుకుని వెళ్లిపోయారు. అతను తాగిన గ్లాసు కడగబుద్ధి కాక చెత్తలో పడేశాను.

మర్నాడు మేమే స్టేషన్‌కు వెళ్లాం. ఫిర్యాదు తీసుకున్నారు కానీ, అతను తానలా అనలేదన్నాడు. పెదనాన్న కూడా తానేమీ వినలేదన్నాడు. కేసు అక్కడే ఆగిపోయింది. అతని కోడలికి మగపిల్లాడు పుట్టాడు. ఆ కబురు విని అమ్మ నిజంగానే సంతోషించింది. ఆమెది రాతి గుండె అని ఊళ్లో ఇంకా అంటూనే ఉన్నారు. క్షమిస్తే పోయేదేముందని నన్నూ అడుగుతుంటారు. ఆ ఊపిరి సంగతి వాళ్లకు చెప్తాను. తల తిప్పుకుని వేరే మాటల్లో పడతారు.